పాటలో పంటి కింద రాయి

ఉగాది సంచికకు ఏదైనా వ్యాసము వ్రాసి యివ్వమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము ముందు తప్పించుకోజూచినాము. పదవ తరగతితో చదువు చాలించి రైల్వే ఆఫీసులో పద్దులు వ్రాసుకొనే గుమాస్తాలము. వ్యాసాల సంగతి మాకేమి తెలుసు? కాని ఆయన వదలలేదు. "పోయిన ఉగాదికి పిల్లల పాట దగ్గర అంత రభస చేసినారు గదా, ఆ సంగతే వ్రాయండి" అన్నారు. ఆ మాటలో కొంత ఎత్తిపొడుపు ఉన్నది. ఉండవలసినదే. ఆ రభస సంగతి చివర మనవి చేసుకొంటాము. అంతకు ముందు, అటువంటి రభసలు మన పాటలో ఎప్పటినుండి ఉన్నవో, ఎందుకు పుట్టినవో, పెద్దలవద్ద విన్నదీ పుస్తకాలలో చదివినదీ ఏరి కూర్చి చెప్పదలచినాము.

సంగతి యిది. పాట బ్రహ్మాండముగా ఉంటుంది. బాణీ బాగు, గొంతు బాగు, మాటలు బాగు. కమ్మని పెరుగన్నములో పంటి కింద రాయి పడినట్లు ఒక్క చోట మాత్రము కలుక్కుమంటుంది. విరగకూడని చోట మాట విరుగుతుంది. లేదా వాద్యము ఆగవలసిన చోట ఆగక మాట మీద పడుతుంది. లేదా 'ళ' పలుకవలసిన గాయకుడు 'ల' పలికి సాగిపోతాడు. పాట చెడిపోదు. పూర్తిగా చెడిపోతే బాధే లేదు, విని వదిలివేస్తాము. చెడకుండా మిగిలినది కనుకనే నూరుసార్లు వింటాము, నూరుసార్లూ ఆ చోటు వచ్చేసరికి పళ్ళు కరచుకొంటాము. మా ఆఫీసులో చింతామణి వాస్తవ్యుడు ఒకాయన ఉన్నాడు. మంచి గాత్రము. పని చేసుకొంటూ పాత పాటలు కూనిరాగము తీస్తాడు. ఒక పాటలో ఒకే ఒక చోటికి రాగానే దగ్గుతాడు. జలుబు చేసినదని చాలా రోజులు అనుకొన్నాము. తరువాత తెలిసినది, ఆ మాట విరుపు ఆయనకు గిట్టదట. ఆ నాలుగు అక్షరాలూ దగ్గుతో దాటివేస్తాడు!

ఈ రాళ్ళ పుట్టుక వెదుకుతూ పోతే మనము మొదట చేరేది బళ్ళారి. ఇది మన కర్ణాటకాంధ్రులకు కొంత గర్వకారణము కూడాను. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) అక్కడ వకీలు. సరసవినోదినీ సభ అనే నాటక సమాజమును నెలకొల్పి, 1880ల నుండి తాము వ్రాసిన నాటకాలు ఆడించినారు. తెలుగు నాటకములో పద్యాలను, పాటలను రాగముతో పాడించే పద్ధతికి ఊపు తెచ్చినది వారే. అంతకు ముందు ధార్వాడ నాటక సమాజములవారు మన జిల్లాలలో తిరిగి వారి బాణీలతో జనాన్ని మెప్పించి వెళ్ళినారు. ఆ రుచి మనవారికీ పట్టినది. ఆచార్యులవారిని ఆంధ్రనాటక పితామహుడని పిలిచినారు. ఆయన పెట్టిన దీపము కృష్ణా గుంటూరు జిల్లాల దాకా పాకినది.

దీపముతోబాటు పొగ కూడా వచ్చినది. పద్యమంటే నాలుగు పాదాలు. పాదము చివర మాట ఆగుతుందన్న నియమము మన కవులకు లేదు. ఒక మాట ఈ పాదములో మొదలై వచ్చే పాదములో ముగియవచ్చును. చదువుకొనేటప్పుడు దానివలన చిక్కు లేదు. నటుడు రంగము మీద నిలబడి పాదము చివర శ్వాస బిగబట్టి ఆలాపన అందుకొన్నాడంటే మాత్రము ఆ మాట మొండెము ఒకచోట, తల ఒకచోట అవుతుంది. యుద్ధానికి బయలుదేరిన వీరుడు సగము మాట మీద నిలిచి రాగము విస్తరిస్తూ ఉంటే, ఎదుటి పక్షము వీరుడు చేతులు కట్టుకొని ఆ మిగతా సగము కొరకు కాచుకొని ఉండవలెను. పక్కన హార్మోనియము సరేసరి. గమకము పలుకలేని వాద్యము. ఆకాశవాణివారు 1940లో దానిని తమ స్టూడియోలనుండి వెలివేసి, 1971 దాకా మరల రానివ్వలేదు. పల్లెటూరి పందిళ్ళలో దానిని వెలివేసేవారెవరు? నటుడు మాట పలుకగానే అది ఆ మాటను మింగేది. చచ్చిపడిన పాత్ర 'ఒన్స్‌మోర్' వినగానే లేచి పద్యము మరల పాడి మరల చచ్చిన కథలు మన పెద్దలందరూ చెప్పినవే. ఎక్కడ జరిగినదని అడిగితే ప్రతి ఊరివారూ తమ ఊరి పేరే చెబుతారు.

దీనికి విరుగుడు కూడ బళ్ళారినుండే వచ్చుట విచిత్రము. ఆచార్యులవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). మేనమామ పద్యానికి రాగము కట్టించగా, మేనల్లుడు ఆ రాగాన్ని కుదించి మాటకు, ముఖములోని భావానికి పెద్దపీట వేసినాడు. పాడుట కాదు, పాత్రగా మాటలాడుట నటన అని ఆయన పట్టు. ఒకే ఇంటిలో జబ్బూ మందూ రెండూ పుట్టినవంటే అతిశయోక్తి కాదు. మందు పుచ్చుకొన్నవారు మాత్రము తక్కువ. జనము రాగమే కోరినారు.

జనము కోరిన రాయి రాయి అవుతుందా? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడెల్లా మాకు ఈలపాట రఘురామయ్యగారు తలపునకు వస్తారు. శ్రీకృష్ణ పాత్రలో వేలు నోట పెట్టి ఈలతో పద్యము రాగము వినిపించేవారు. రాయబారానికి వచ్చిన దేవుడు నిండు సభలో ఈల వేయుట తర్కానికి నిలిచే పని కాదు. పద్యానికి అది నిస్సందేహముగా అడ్డే. కాని బండ్లు కట్టుకొని వచ్చిన జనము ఆ ఈల కొరకే వచ్చినారు, ఆయన పేరుకే అది ముందు చేరినది. ఆ రాయిని తీసివేస్తే అన్నమే మిగలదు.

గ్రామఫోను వచ్చిన తరువాత మరొక తీరు చిక్కు. 78 వేగముతో తిరిగే పది అంగుళముల పళ్ళెము ఒక వైపు మూడు మూడున్నర నిమిషములకు మించి పట్టదు. పందిరిలో పావుగంట పట్టే పద్యము అందులో ఇమడవలెను. ముందు తీరికగా రాగము తీసి, చివరకు వచ్చేసరికి రైలు కదలుతుంటే పరుగెత్తుకొచ్చిన ప్రయాణీకునివలె ఆఖరు పాదాన్ని గబగబ తోసిన రికార్డులు లేకపోలేదు.

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ వచ్చినది. అందులో ఆడినది సురభివారే కనుక నాటకము వాసన అలాగే తెరకెక్కినది. నటులే పాడుకొన్న రోజులు పోయి, నేపథ్య గాయకులు వచ్చిన తరువాత పాట నిగ్గు తేలినది. పద్యము విషయములో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు (1922–1974) చేసిన ఉపకారము మనము ఎంత చెప్పుకొన్నా తక్కువే. విజయనగరములో శాస్త్రీయముగా నేర్చినవారై యుండియు, సినిమా పద్యములో రాగాన్ని ఉప్పు మోతాదులో వేసి, మాట విరగకుండ, అర్థము నిలిచే చోటనే శ్వాస నిలిపినారు. నాటక పందిళ్ళలో అర్ధశతాబ్దము నలిగిన రాళ్ళను ఆయన చేటలో పోసి చెరిగినారని మా అభిప్రాయము. బాగేపల్లి, చింతామణి ప్రాంతపు ఊళ్ళలో ఇప్పటికీ నాటకము నేర్చే కుర్రవాళ్ళు ఆయన పద్యాన్ని ఫోనులో విని పట్టుకొంటారు. విని, దాని మీద మరల పాత రాగమే దిట్టముగా దట్టిస్తారు, అది వేరే విషయము!

ఆ రోజుల రికార్డింగు కష్టము ఈ కాలపు పిల్లలకు ఊహకందదు. గాయకుడు, వాద్యబృందము అందరూ కలిసి ఏకబిగిన పాడి వాయించవలెను. చివరి చరణములో ఎవరి వ్రేలు జారినా మొదటినుండి మొదలు. పదవసారి బాగా వచ్చిన దానిలో ఒక చిన్న లోపము మిగిలితే, పోనిమ్మని వదిలినవి ఎన్నో ఉంటవి. ఇది మనకే కాదు. 1963లో అమెరికాలో కింగ్స్‌మెన్ అనే బృందము 'లూయీ లూయీ' అనే పాట రికార్డు చేసినప్పుడు, నడుమ వాద్యము ముగిసిన తరువాత గాయకుడు తొందరపడి ముందే అందుకొన్నాడు, తప్పు తెలిసి చటుక్కున ఆగినాడు, డ్రమ్ము వాయించే ఆయన ఆ ఖాళీని మోతతో కప్పినాడు. రికార్డు అలాగే విడుదలై దేశమంతా మ్రోగినది. తరువాత ఎంతో మంది అదే పాటను పాడుతూ ఆ తప్పును కూడా కావాలని పాడినారట. తప్పుకు ఇంతకంటె పట్టాభిషేకము ఏమి కావలెను?

మన 'మాయాబజార్' (1957) సంగతి చూడండి. 'వివాహ భోజనంబు' మాధవపెద్ది సత్యముగారు పాడినది, ఎస్.వి. రంగారావుగారు తెర మీద ఆరగించినది. పాట మధ్యలో ఆ వికటాట్టహాసము రాగానికీ తాళానికీ చెందినది కాదు. సంగీతము మేష్టారి ఎదుట అలా నవ్వితే బెత్తము దెబ్బలే. ఆ బాణీకి, నవ్వుకు 1922లో ఇంగ్లండులో వచ్చిన 'లాఫింగ్ పోలీస్‌మన్' అనే హాస్యపు రికార్డుతో చుట్టరికము ఉన్నదని తెలిసినవారు చెబుతారు. ఆ సీమదొర నవ్వు సముద్రము దాటి వచ్చి ఘటోత్కచుని గొంతులో కుదురుకొన్న తీరు చూస్తే, రాయిని ముత్యము చేసుకొనుట మనవారికి చేతనైన విద్యే అనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినవి నవ్వుకొనే రాళ్ళు. అసలు పళ్ళు కదిలించేవి వేరే ఉన్నవి. బాణీ ముందు పుట్టి మాట తరువాత పుట్టినప్పుడు అవి వస్తవి.

మా ఉద్యోగము భాషలో చెబుతాము. యశవంతపురమునుండి చిక్కబళ్ళాపురానికి 1915లో వచ్చిన రైలు రెండున్నర అడుగుల చిన్న గేజిది. పెద్ద లైను కలిసే చోట సరుకంతా ఒక వ్యాగనునుండి దింపి మరొక వ్యాగనుకు ఎక్కించవలసినదే. దింపి ఎక్కించేటప్పుడు కొన్ని మూటలు చిరుగుతవి, కొన్ని పగులుతవి. మా ముందు తరము గుమాస్తాలు ఆ చిరుగుల లెక్కలు వ్రాసి వ్రాసి ముసలివారైనారు. 2013లో కోలారు వరకు పెద్ద గేజి పూర్తి అయినది కనుక మాకు ఆ బాధ తప్పినది. పాటకు మాత్రము తప్పలేదు. బాణీది ఒక గేజి, మాటది ఒక గేజి అయితే నడుమ మూట చిరగవలసినదే.

దీనికి పరాకాష్ఠ డబ్బింగు పాట. 1950లో 'ఆహుతి' అనే హిందీ అనువాద చిత్రానికి శ్రీశ్రీగారు మాటలూ పాటలూ వ్రాసినారు. తెలుగులో డబ్బింగు చిత్రాలకు అదే మొదలు. మహాప్రస్థాన కవి అంతటివాడు కూడా ఆ పనిలో తెర మీది పెదవుల వంక చూస్తూ వ్రాయవలసినదే. తెర మీద పెదవులు కలిసినచోట ప, బ, మ వంటి అక్షరము పడవలెను. తెరిచినచోట తెరిచే అక్షరము పడవలెను. అర్థము, ప్రాస, తాళము ఆ తరువాత. ఇక అరవమునుండి వచ్చే పాటలలో మరొక తంటా. అరవము మాటలు చాలా మట్టుకు హల్లుతో ముగుస్తవి, నోరు మూతపడుతుంది. మన మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరుచుకొంటుంది. పాదము చివర నటి నోరు మూసుకొంటుంది, తెలుగు మాట ఇంకా నోట మిగిలే ఉంటుంది! దానిని ఎక్కడ పెట్టాలి? 1992లో 'రోజా' వచ్చినప్పుడు ఆ పాటలను తెలుగు చేసిన రాజశ్రీగారు ఈ విద్యలో ఆరితేరినవారు. అంతటి చేయి తిరిగినవారు కనుకనే మూటలు చాలావరకు చిరగకుండ దిగినవి. అందరికీ ఆ చేయి లేదు. మా చిన్నతనమంతా ఇటువంటి పాటలతోనే గడిచినది గనుక, తెలుగులో క్రియ చివర రావలెనన్న సంగతి బడిలో పంతులుగారు చెప్పేవరకు మాకు అనుమానముగానే ఉండేది.

పొరుగు గాయకుల మాట వచ్చినది గనుక అదీ చెప్పవలెను. 1955లో 'సంతానం' చిత్రములో సుసర్ల దక్షిణామూర్తిగారు లతా మంగేష్కరు చేత 'నిదురపోరా తమ్ముడా' పాడించినారు. తెలుగు రాని మనిషి పాడినదని తెలియనివారికి చెబితే నమ్మరు. ఆమె మాతృభాష మరాఠీలో మనకున్న 'ళ' ఉన్నది. అది ఆమెకు కొంత తోడ్పడి ఉండును. అంతకు మించి, ఒక్కొక్క మాటనూ పసిపాపను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొని దించినది. మహమ్మద్ రఫీగారు 'భలే తమ్ముడు' (1969), 'ఆరాధన' (1976) చిత్రాలలో పాడిన పాటలలో మన పలుకు అక్కడక్కడ ఒరిగిన మాట నిజము. కాని ఆ ఒరుగుడును మనవారు ఎంత ముద్దుగా దాచుకొన్నారో చెప్పనక్కరలేదు. ఆయన 1967లో 'ఒందే బళ్ళియ హూగళు' అనే చిత్రములో కన్నడ పాట కూడ పాడినారు. మన కన్నడ సోదరులు కూడ అంతే ముద్దుగా దాచుకొన్నారు. అతిథి వచ్చి మన భాషలో రెండు మాటలు తప్పుగా పలికితే మనకు కోపము రాదు, ఇంకొక గరిటె నెయ్యి వేస్తాము. మన కాకినాడ పి.బి. శ్రీనివాస్‌గారు రాజకుమారునికి గొంతు అయినారు, గుంటూరు జిల్లా జానకమ్మగారు కన్నడ పాటకు ఇంటి ఆడపడుచైనారు. ఈ రెండు భాషల మధ్య పాట విషయములో ఎవరు అతిథో ఎవరు ఇంటివారో చెప్పుట కష్టము. మైసూరు వాసుదేవాచార్యులవారు (1865–1961) మైసూరు ఆస్థాన విద్వాంసులై తెలుగులో కృతులు కట్టినారు. వారి 'బ్రోచేవారెవరురా' 1980లో 'శంకరాభరణం' ద్వారా ఇంటింటికీ చేరినది.

ఆ 'శంకరాభరణం'లోనే మా వ్యాసానికి పనికివచ్చే ఘట్టము ఒకటి ఉన్నది. పెండ్లిచూపులలో శంకరశాస్త్రిగారి కుమార్తె హిందోళము పాడుతూ, మనసు ఎక్కడో ఉండి, ఆ రాగములో లేని రిషభము వేస్తుంది. తండ్రి గర్జిస్తాడు. పాట ఆగిపోతుంది. కూతురుకు కావలసినవాడు ఎవరో, ఆమె మనసు ఎక్కడ ఉన్నదో తండ్రికి పట్టలేదు. ఒక్క స్వరము తప్పినదన్నదే పట్టినది. ఆ సినిమా మొదటిసారి చూచినప్పుడు మేము శాస్త్రిగారి పక్షము. పోయిన ఉగాది తరువాత మరల చూచినాము. అప్పుడు ఆ గర్జన వినలేక టీవీ కట్టివేసినాము.

ఇక ఆ ఉగాది సంగతి.

మన సంఘములో చాలా మందిమి అనంతపురము, చిత్తూరు జిల్లాలనుండి, ఇంకా దూరమునుండి ఉద్యోగానికో వ్యాపారానికో చిక్కబళ్ళాపురము వచ్చినవారము. వచ్చిన కొత్తలో మనమే తెలుగును మూటగట్టుకొని తెచ్చినామనే భ్రమ అందరికీ ఉంటుంది. బాగేపల్లి సంతలో ఒక్క పూట తిరిగితే ఆ భ్రమ వదులుతుంది. ఇక్కడ తెలుగు మనకు ముందునుండే ఉన్నది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. చింతామణి తాలూకా కైవారములో నారాయణప్ప అనే యోగి, జనము కైవారము తాతయ్య అని పిలుచుకొనే మహానుభావుడు, గాజులమ్ముకొని బ్రతికి, పిదప తెలుగులోను కన్నడములోను కీర్తనలు, కాలజ్ఞానము చెప్పినాడు. 1726లో పుట్టి 1836 వరకు బ్రతికినాడని సంప్రదాయము. అక్కడి అమరనారాయణస్వామి పేరుతో 'అమర నారేయణ' అని ముద్ర పెట్టుకొన్నాడు. ఆ తెలుగు కీర్తనల పుస్తకాలు ఇక్కడ కన్నడ లిపిలో అచ్చయి ఉంటవి. భజనలో పాడేవారు తెలుగు మాటలాడతారు, తెలుగు అక్షరము ఎరుగరు.

మేము మొదట అద్దెకున్న ఇంటివారి అవ్వ బాగేపల్లి తాలూకా ఆడపడుచు. ఆమె సాయంకాలము అరుగు మీద కూర్చుండి తాతయ్య కీర్తన ఒకటి పాడుకొనేది. అందులో ఒక చోట బాణీ కొరకు మాట రెండు ముక్కలయ్యేది. అప్పుడు మాకు కొత్త ఉత్సాహము. "అవ్వా, ఆ మాట అక్కడ విరగకూడదండీ, అర్థము మారుతుంది" అని చెప్పినాము. ఆమె నవ్వి, "మా యమ్మ ఇట్లే పాడతా ఉండె నాయనా. విరిగితే ఏమాయ? నాకు అర్థము తెల్దా?" అని, ఆ మాటకు, ఆ చరణానికి, దాని వెనుక ఉన్న తత్త్వానికి కూడ అర్థము చెప్పినది. అంత విపులముగా మాకు ఏ పంతులుగారూ చెప్పలేదు. నోట విరిగిన మాట ఆమె మనసులో విరగలేదు. ఆ సంగతి అప్పుడు మా బుర్రకు ఎక్కలేదు. అవ్వ ఏదో సర్దిచెప్పుకొన్నదనుకొన్నాము.

పోయిన ఉగాదికి మన సంఘములోని ఒక పెద్దాయన స్వయముగా ఒక పాట కట్టినారు. కొత్త యేడు వచ్చినదని, పాత కష్టాలు పోయినవని, 'నాకేల దిగులు' అని పల్లవి. నాకు ఏల, అనగా నాకు ఎందుకు, అని ఆయన భావము. పిల్లలు ఆరుగురు పాడవలెను. అందరూ కన్నడ బడిలో చదివేవారు, తెలుగు చదువరు. కనుక పాటను కన్నడ లిపిలో వ్రాసిచ్చే పని మాకు అప్పగించినారు. చేతివ్రాత బాగుంటుందని మాకు పేరు. పద్దులకు వాడే వెడల్పు లేని కాగితము మీద వ్రాసి ఇచ్చినాము.

ఒత్తిడి రోజు. హాలు నిండినది. మన ఇరుగుపొరుగు కన్నడమువారిని కూడ పిలిచినాము. ఆరవ తరగతి చదివే పాప పల్లవి అందుకొన్నది. బాణీ 'నా' మీద కొంత సేపు నిలుస్తుంది. ఆ పాప నిలిచి, శ్వాస తీసికొని, 'కేల దిగులు' అని విడిగా ఎత్తుకొన్నది. మన చెవికి అది 'నా చేతిలో దిగులు' అయినది. కేలు అంటే చేయి గదా. కన్నడము వారి చెవికి మరొకటి: వారికి 'నా' అంటే నేను, 'కేళు' అంటే విను, 'దిగిలు' అంటే భయము. ముందు వరుసలో ఒకరు పక్కవారి వంక చూచినారు. రెండవసారీ అలాగే. మూడవసారీ అలాగే. మేము ఉండబట్టలేక హాలు వెనుకనుండి "నా కేల కాదమ్మా, నాకేల! మాట విరవవద్దు!" అని కేక వేసినాము. శంకరశాస్త్రిగారు మాలో ఆవహించినారు కాబోలు. కొందరు నవ్వినారు. పాప ఆగిపోయినది. తక్కిన అయిదుగురు ఎలాగో చరణము ముగించినారు. ఆ పాప తల ఎత్తలేదు.

తరువాత పులిహోర పంచేచోట ఆ పాప తండ్రి మాతో మాటలాడలేదు. పాప మాత్రము కాగితము తెచ్చి మా చేతిలో పెట్టినది. "మామా, మీరు రాసిచ్చినట్లే పాడినాను" అన్నది. చూచినాము. కాగితము అంచు వచ్చినదని మేమే 'నా' దగ్గర పంక్తి ముగించి, 'కేల' కింది పంక్తిలో వ్రాసినాము. మా చేతివ్రాత అందముగానే ఉన్నది.

ఏమి చెప్పాలో తోచక, "అర్థము చూచుకొని పాడవలసినది తల్లీ" అన్నాము. "దాని అర్థం ఏమి మామా?" అని అడిగినది. 'ఏల' అన్న మాట ఆ పాప ఎన్నడూ వినలేదు. ఇంటిలో 'ఎందుకు' అంటారు, బడిలో 'యాకె' అంటారు. పాట నేర్పిన నెల రోజులలో మనలో ఒక్కరము కూడ, వ్రాసిచ్చిన మేము కూడ, ఆ ఆరుగురికి ఈ పాట అర్థము చెప్పలేదు. బాణీ నేర్పినాము, చప్పట్లు ఎక్కడ కొట్టాలో నేర్పినాము, పట్టులంగాలు కుట్టించినాము.

అప్పుడు అరుగు మీది అవ్వ జ్ఞాపకమునకు వచ్చినది. ఆమె మాట విరిచి పాడినా మాట ఆమెది. ఈ పాప విరవకుండ పాడి ఉన్నా, మాట ఆ పాపది కాదు. మేము హాలు వెనుక సంతోషముగా తలలూపి ఉండేవారము, అంతే.

ఈ యేడు మరల అదే పాట పెట్టినారు. పెద్దాయనను 'నా' మీద నిలుపు కొంచెము తగ్గించమని అడిగినాము. "బాణీ మార్చేది లేదు" అన్నారు. కవులూ బాణీకర్తలూ ఎప్పుడూ అంతే, మేము పట్టుబట్టలేదు. కాగితము మాత్రము ఈసారి పెద్దది తీసికొన్నాము. పైన తెలుగు అక్షరాలు, కింద కన్నడ అక్షరాలు, పక్కన ఒక్కొక్క మాటకు అర్థము. మూడు ఆదివారములనుండి పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. నలుగురికి 'నాకేల' చదువ వచ్చినది. చుక్క, చలి వంటి మాటలలో 'చ' పలుకుట కన్నడ బడి పిల్లలకు కొంత తిప్పలు. మన దంత్యచకారము అక్కడ లేదు, నాలుక అంగిట్లోకి పోతుంది. ఒక పిల్లవాడు అది పలుకబోయి ఈల వేసినాడు. అందరూ నవ్వినారు, వాడిని మేము రఘురామయ్యగారని పిలుస్తున్నాము.

ఆ పాప కూడ వస్తున్నది. మొదటి ఆదివారము గుమ్మములోనే నిలుచున్నది. రెండవ ఆదివారము చాప మీద కూర్చున్నది. మొన్న పల్లవి తనలో తాను మెల్లగా పాడుకొంటూ ఉండగా విన్నాము. బాణీ అలాగే ఉన్నది గనుక 'నా' మీద నిలిచినది. మేము నోరు మెదపలేదు. వేదిక మీద పాడుతుందో లేదో ఇంకా చెప్పలేదు. కార్యక్రమ పట్టికలో ఆ పాప పేరు ప్రస్తుతానికి పెన్సిలుతో వ్రాసి ఉంచినాము.